బళ్ళారి సరసవినోదినీ సభ: ఒక ఊరి నాటక సమాజ చరిత్ర

1891లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో బళ్ళారి నుంచి వచ్చిన ఒక నాటక సమాజం తెలుగు నాటకాలు ప్రదర్శించింది. ప్రేక్షకులలో పద్దెనిమిదేళ్ల తమిళ యువకుడొకడు ఉన్నాడు. పేరు పమ్మల్ సంబంధ ముదలియార్. అంతవరకు అతనికి నాటకమంటే చులకన భావం. వీధిలో తెల్లవార్లూ సాగే ఆటలను, వాటిని ఆడే వారిని ఆనాటి విద్యావంతుల కుటుంబాలు చూసే చూపే అతనిదీను. ఆనాడు రంగస్థలం మీద నిలిచినవారు కూలికి వేషం కట్టే వారు కారనీ, పగలు కోర్టులలో, కచేరీలలో పని చేసుకునే పెద్దమనుషులనీ తెలిసినప్పుడు అతని అభిప్రాయం మారిపోయింది. అదే సంవత్సరం జూలై 1న మరికొందరు మిత్రులతో కలిసి అతడు సుగుణ విలాస సభను స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకానికి పితామహుడని పేరొందిన ముదలియార్ తన నాటక జీవిత స్మృతులలో బళ్ళారి వారి ఋణాన్ని దాచుకోలేదు.

తమిళ నాటకరంగ చరిత్రలో రెండు ధారలను విమర్శకులు గుర్తిస్తారు. బాలనటుల కంపెనీలను తీర్చిదిద్ది, 1922లో పుదుచ్చేరిలో కన్నుమూసిన శంకరదాస స్వామిగళ్ వృత్తి నాటక ధారకు గురుస్థానీయుడు. విద్యావంతుల ఔత్సాహిక ధారకు ముదలియార్ ఆద్యుడు. ఈ రెండవ ధార పుట్టుకకు ప్రేరణ తెలుగు నాటకం నుంచి లభించడం ఒక విశేషం. ఆ నాటకం రాజమహేంద్రవరం నుంచో, బందరు నుంచో వచ్చినది కాకపోవడం మరొక విశేషం. తెలుగు, కన్నడ భాషలు కలగలిసిన ఒక జిల్లా కేంద్రంలో, కొందరు ప్లీడర్లు, ఉద్యోగులు కలిసి నెలకొల్పుకొన్న సమాజం నుంచి అది వచ్చింది. ఆ సమాజం పేరు సరసవినోదినీ సభ.

ఆనాటి బళ్ళారి పరిస్థితిని తెలుసుకుంటే తప్ప ఈ సభ పుట్టుక అర్థం కాదు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు థామస్ మన్రో మొదటి ప్రధాన కలెక్టరు. తరువాత ఆ విశాల ప్రాంతం బళ్ళారి, కడప జిల్లాలుగా విడిపోయింది. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లా అయ్యేవరకు ధర్మవరం, తాడిపత్రి, గుత్తి, పెనుకొండలకు కూడా బళ్ళారే జిల్లా కేంద్రం. (రాయలసీమ అన్న పేరు 1928 దాకా పుట్టనే లేదు.) నల్లని ఏకశిలా పర్వతం మీద కోట, దిగువన సైనికుల దండు ప్రదేశం, జిల్లా కోర్టు, ఉన్నత పాఠశాలలు, మద్రాసుతో కలిపే రైలు మార్గం: ఇదీ ఊరి స్వరూపం. కోర్టులో తెలుగు, కన్నడం, హిందుస్తానీ, ఇంగ్లీషు వినిపించేవి. చదువుకున్నవాడికి రెండు మూడు భాషలు రాకపోతే వృత్తి సాగేది కాదు. బతుకుతెరువు వెతుక్కుంటూ చుట్టుపక్కల తెలుగు ఊళ్ల నుంచి వచ్చి చేరిన విద్యావంతులు ఇక్కడ ఒక చిన్న సమాజంగా ఏర్పడ్డారు.

మరొక సంగతిని కూడా మరువరాదు. 1876-78 నాటి మహా క్షామం మద్రాసు రాజధానిలో అన్నిటికంటె ఘోరంగా బాధించిన జిల్లాలలో బళ్ళారి ఒకటి. ఊళ్లకు ఊళ్లే పాడుపడిన ఆ కరవు ముగిసి ఎనిమిదేళ్లు నిండాయో లేదో, ఇదే ఊరిలో నాటక సభ వెలసింది. కరవుకూ కళకూ కార్యకారణ సంబంధం చూపడం చరిత్రకారుని పని కాదు. అయినా ఆనాటి ప్రేక్షకులలో చాలామందికి ఆ కరవు కళ్లారా చూసిన జ్ఞాపకమేనన్నది నిజం.

అప్పటికి ఆధునిక తెలుగు నాటకం వయస్సు బహు స్వల్పం. కోరాడ రామచంద్రశాస్త్రి 1860 ప్రాంతంలో మంజరీ మధుకరీయం రచించినా అది రంగస్థలం ఎక్కిన దాఖలా లేదు. 1880లో కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత వ్యవహార ధర్మబోధిని ఆడించారు. ధార్వాడ నుంచి వచ్చిన కంపెనీల ప్రదర్శనలు తెలుగు పట్టణాలలో నాటకం మీద మోజు పెంచాయి. తెరలు, రంగులు, పాటల వరుసలు పార్సీ పద్ధతివి. భాష హిందుస్తానీ, మరాఠీ. జనం మెచ్చే సంగీతంతో, పండితులు కాదనలేని భాషతో, వరుసగా ఆడగల తెలుగు నాటకాలు ఇంకా రావలసి ఉన్నాయి.

ఆ లోటు తీర్చినవారు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). అనంతపురం జిల్లా ధర్మవరం ఆయన స్వస్థలం. బళ్ళారిలో ప్లీడరుగా స్థిరపడ్డారు. సంస్కృతాంధ్రాలతోపాటు కన్నడం, ఇంగ్లీషు భాషలు ఆయనకు స్వాధీనాలు. 1886లో సరసవినోదినీ సభ ఆయన నాయకత్వంలో ఏర్పడింది. 1887లో ఆయన చిత్రనళీయం ప్రదర్శితమైంది. నలదమయంతుల కథ తెలుగువారికి కొత్తది కాదు. దానిని చెప్పిన తీరు కొత్తది. సంస్కృత నాటకాలలోని అంకాలతోపాటు పాశ్చాత్య నాటకాలలోని రంగ విభజనను ఆయన కలిపారు. పాత్రలు మాట్లాడే చోట వచనం, మనసు విప్పే చోట పద్యం, భావం పొంగే చోట రాగతాళాలతో పాట పెట్టారు. ఈ మేళవింపు నచ్చని విమర్శకులు ఆనాడూ ఉన్నారు, తరువాతా వచ్చారు. దమయంతి అడవిలో ఏడుస్తూ రాగం తీయడమేమిటన్న ప్రశ్న నిరాధారమైనది కాదు. కాని తరువాతి అర్ధశతాబ్దం తెలుగు పౌరాణిక నాటకం నడిచిన బాట ఇదే. వేలాది గ్రామాలలో పద్యనాటకం నేటికీ ఈ అచ్చులోనే ఆడుతున్నారు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఆచార్యులవారికి సార్థకమైనది ఈ కారణం చేతనే.

ఆచార్యులవారు రచించిన నాటకాలు ముప్పైకి దగ్గరగా ఉంటాయి. ప్రహ్లాద, సావిత్రి, పాదుకా పట్టాభిషేకం, మోహినీ రుక్మాంగద, ప్రమీలార్జునీయం, పాంచాలీ స్వయంవరం, చిరకారి, రోషనార శివాజీ వాటిలో కొన్ని. ఇవి పుస్తకంగా అచ్చువేయడానికి రాసుకున్నవి కావు. తన సభలో ఫలానా నటుడున్నాడు, ఫలానావాడి గొంతు ఇంత ఎత్తు పలుకుతుంది అన్న ఎరుకతో రాసినవి. రచయిత, ప్రయోక్త, నటుడు ఒక్కరే కావడం వల్ల ఆ సమాజానికి నాటకం కోసం ఎవరినీ ఆశ్రయించవలసిన పని లేకపోయింది. ఒక్కరి మీదనే అంత ఆధారపడిన సంస్థకు ఆ ఒక్కరూ పోయినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం మొదటినుంచీ పొంచి ఉంది.

ఆయన రచనలలో సాహసమని చెప్పదగినది విషాద సారంగధర. రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుడు, అతనిని కామించిన సవతి తల్లి చిత్రాంగి, విచారించకుండా శిక్ష విధించిన తండ్రి: ఈ కథను గౌరన నుంచి చేమకూర వెంకటకవి దాకా పలువురు కవులు చెప్పారు. కాళ్లు చేతులు పోయిన సారంగధరుని సిద్ధుడు కాపాడే మంగళాంతం ఆ కథలకు ఆనవాయితీ. భారతీయ నాట్య సంప్రదాయం కూడా నాటకం శుభంగా ముగియాలనే చెబుతుంది. ఆచార్యులవారు కథను దుఃఖంలోనే ముగించారు. షేక్స్పియర్ చదువు ఆయనకు అందించిన ధైర్యమది. తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా దీనికి గుర్తింపు వచ్చింది. నేరం రుజువు కాకుండానే శిక్ష పడిన వాని కథను ఒక ప్లీడరు ఎంచుకోవడం కూడా గమనించదగినదే.

సభ నడిచిన తీరు నేటి పాఠకునికి కొంత వింతగా తోచవచ్చు. సభ్యులలో ఎవరికీ నాటకం జీవనాధారం కాదు. కోర్టు సెలవులలో, పండుగ దినాలలో ప్రదర్శనలు. సాయంకాలాలు పని ముగిశాక రిహార్సళ్లు. మైకు లేదు, విద్యుద్దీపం లేదు. వెనుక వరుసలోని వాడికి వినబడేటట్టు గొంతెత్తి పాడగలిగినవాడే నటుడు. స్త్రీ పాత్రలు పురుషులే ధరించేవారు. ఉద్యోగస్థుడు ముఖానికి రంగు వేసుకుంటే పరువు పోతుందనుకునే కాలంలో ఒక జిల్లా కోర్టు ప్లీడరు రాజవేషంలో నిలిచి పద్యం పాడడమే ఒక సాంఘిక చర్య. మద్రాసులో సంబంధ ముదలియార్‌ను కదిలించినది ఈ దృశ్యమే.

అయితే ఆ గౌరవానికి ఒక మూల్యం కూడా ఉంది. నాటకాన్ని పెద్దమనుషుల వ్యాపకంగా నిలబెట్టే ప్రయత్నంలో, తరతరాలుగా దానిని వృత్తిగా పెంచుకున్నవారు దూరంగానే ఉండిపోయారు. స్త్రీలకు అసలు చోటే లేకపోయింది. ఈ విషయం స్పష్టం కావాలంటే బళ్ళారి సభకు ఒక్క ఏడాది ముందు, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో జరిగిన దానిని పక్కన పెట్టి చూడాలి. అక్కడ వనారస గోవిందరావు కీచకవధ ప్రదర్శనతో సురభి నాటక సమాజానికి నాంది పలికారు. తోలుబొమ్మలాట నుంచి వచ్చిన కుటుంబాలవి. ఇంటివారంతా నటులే, స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించారు, ఊరూరా తిరిగి ఆడడమే వారి బతుకు. ఒకే కరవు నేలలో, ఒకే కాలంలో, ఇంత భిన్నమైన రెండు సమాజాలు పుట్టాయి. ఒకటి ఊరికి కట్టుబడినది, మరొకటి కుటుంబానికి కట్టుబడినది. కుటుంబానికి కట్టుబడినదే ఎక్కువ కాలం బతికింది.

బళ్ళారి ఒక్క సభతో సరిపెట్టుకోలేదు. కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) కూడా అక్కడి ప్లీడరే. వయస్సులో ఆచార్యులవారికన్న ఒక్క ఏడాది చిన్న. ఆయన నాటకాలకు వేదికగా సుమనోరమ సభ నిలిచింది. పురాణాల మీద ఆచార్యులవారికి ఎంత మక్కువో చరిత్ర మీద కోలాచలం వారికి అంత మక్కువ. చాందుబీబీ, ప్రతాపాక్బరీయం, మైసూరు రాజ్యం వంటి చారిత్రక నాటకాలు, సునందినీ పరిణయం వంటివీ ఆయన రచనలు. చారిత్రక నాటక పితామహుడని ఆయనకు ప్రసిద్ధి. ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో గ్రంథంగా రచించి 1908లో ప్రకటించారు. పెద్ద గ్రంథాలయాలకు, విశ్వవిద్యాలయాలకు దూరంగా ఒక జిల్లా కేంద్రంలో కూర్చుని, కోర్టు పనుల నడుమ, నానా దేశాల నాటక సంప్రదాయాలను గ్రంథస్థం చేయబూనడం ఆయన పఠనాసక్తికి నిదర్శనం.

హంపీ శిథిలాలు బళ్ళారికి పదిహేను ఇరవై కోసుల దూరంలోనే ఉన్నాయి. ఒకప్పుడు బళ్ళారి కలెక్టరుగా పని చేసిన రాబర్ట్ స్యూయెల్ విజయనగర చరిత్రను మరచిపోయిన సామ్రాజ్యం అన్న అర్థం వచ్చే శీర్షికతో 1900లో ప్రచురించారు. పోర్చుగీసు యాత్రికులు చూసిన మహానగరం కథ దానితో విద్యావంతుల చేతికి వచ్చింది. తమ ఇంటి పక్కనే పడి ఉన్న రాళ్లకు అంత చరిత్ర ఉన్నదని తెలిసిన తరమది. 1565 నాటి యుద్ధం, రామరాయల మరణం, నగర విధ్వంసం వస్తువుగా కోలాచలం వారు రామరాజు చరిత్రము రచించారు. విజయనగర రాజ్య పతనం అన్న పేరుతో కూడా ప్రసిద్ధమైన ఈ నాటకం ప్రేక్షకులను ఉర్రూతలూగించింది. ఇది మత వైషమ్యాలను రేకెత్తించగలదన్న కారణంతో ఆంగ్ల ప్రభుత్వం ప్రదర్శనను నిషేధించింది. ఒక ఊరి సమాజం ఆడిన నాటకం ప్రభుత్వం పట్టించుకోదగినంత బలం సంపాదించుకున్నదనడానికి ఇంతకన్న తార్కాణం అక్కరలేదు. నిషేధానికి చెప్పిన కారణంలో ఎంత నిజమున్నదన్నది వేరే ప్రశ్న. రాజ్యం పోయిన దుఃఖాన్ని పరాయి పాలనలో ఉన్న జనం ఎదుట ప్రదర్శించినప్పుడు, ప్రేక్షకుడు సుమారు మూడున్నర శతాబ్దాల నాటి ఓటమిని గురించి మాత్రమే ఆలోచిస్తాడని ఏ ప్రభుత్వమూ నమ్మదు.

రెండు సభల మధ్య పోటీ ఉండేది. రెండు వర్గాల అభిమానులూ ఉండేవారు. చిన్న ఊరిలో ఒకే వృత్తిలోని ఇద్దరు నాటకకర్తలు ఎదురెదురుగా నిలిస్తే మరోలా జరగదు. కాని ఆ పోటీ వల్లనే ఇరవై పాతికేళ్ల కాలంలో ఇద్దరి కలాల నుంచి అరవైకి దగ్గరగా నాటకాలు వెలువడ్డాయి. ఒకరు రాముణ్ణి, నలుణ్ణి పాడిస్తే మరొకరు అక్బరును, రామరాయలను మాట్లాడించారు. ఆచార్యులవారు సారంగధరుని కథను దుఃఖాంతం చేస్తే, కోలాచలం వారు ఒక సామ్రాజ్యం కథనే దుఃఖాంతం చేశారు.

ఈ రెండు ధారలూ ఒక వ్యక్తిలో కలిశాయి. ఆయన తాడిపత్రి రాఘవాచార్యులు, లోకానికి బళ్ళారి రాఘవ. 1880 ఆగస్టు 2న జన్మించారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. మామ చెంత నాటకం నేర్చిన రాఘవకు గొప్ప పేరు తెచ్చిన పాత్రలలో ఒకటి మామకు పోటీదారైన కోలాచలం వారి రామరాజు చరిత్రములోని పఠాన్ రుస్తుం. ఊరిలోని వర్గభేదాలు ఆ ప్రతిభకు అడ్డు రాలేదన్నమాట. ఆయన మద్రాసులో న్యాయశాస్త్రం చదివి వచ్చి క్రిమినల్ లాయరుగా రాణించారు. ఆ సంపాదనలో పెద్ద భాగం నాటకానికే ఖర్చు పెట్టారు. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, ధర్మవరం గోపాలాచార్యులు రచించిన నాటకంలో రామదాసు, కబీరు, ఇంగ్లీషులో షేక్స్పియర్ పాత్రలు: ఇన్ని భాషలలో, ఇన్ని స్వభావాలలో ఆయన నటించారు. 1927లో బెంగుళూరులో ఆయన దీనబంధు కబీరు నాటకాన్ని గాంధీజీ చూసి ఆనందించారు. 1928లో యూరపు వెళ్లినప్పుడు బెర్నార్డ్ షాను కలుసుకొన్నారు.

రాఘవ కీర్తి గురించి చాలామంది రాశారు. ఈ సందర్భంలో గమనించవలసినది ఆయన తన ఊరి సంప్రదాయంతోనే పేచీ పెట్టుకోవడం. మేనమామ నెలకొల్పిన పద్ధతి పాటది. మేనల్లుడు పాట మీదనే తిరగబడ్డారు. ఒక పద్యాన్ని నాలుగు రాగాలలో సాగదీయడం, ప్రేక్షకులు వన్స్ మోర్ అని కేకలు వేస్తే చనిపోయి పడిన పాత్ర లేచి మళ్లీ పాడడం ఆనాటి రంగస్థలం మీద సాధారణ దృశ్యాలు. అభినయానికి ప్రాణం భావమేననీ, సంగీతం దానిని మింగివేయరాదనీ రాఘవ వాదించారు, ఆడి చూపించారు. మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ మౌనం పాటించాలో, ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు ముఖంలో ఏమి చూపాలో ఆయనను చూసి నేర్చుకున్నారు తరువాతి నటులు. సాటి నటులకు మాత్రం ఆయనతో ఆడడం అంత సుఖమైన పనిగా ఉండేది కాదు. అనుకున్న సంభాషణ దాటి అప్పటికప్పుడు మాట కల్పించి పాత్రను నడిపే స్వేచ్ఛ ఆయన తీసుకొనేవారు.

రెండవ పేచీ ఇంతకన్న కష్టమైనది. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని రాఘవ పట్టుపట్టారు. సురభి కుటుంబాలలో అది ఎన్నడో జరిగిన పనే. విద్యావంతుల ఔత్సాహిక సమాజాలలో మాత్రం మర్యాద అన్న మాట అడ్డుగోడగా నిలిచింది. నాటకానికి గౌరవం తెచ్చిన పెద్దమనిషి తనమే స్త్రీకి తలుపు మూసింది. రాఘవ ఆ తలుపు తెరిచారు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటి విద్యావతులు ఆయన సరసన రంగస్థలం ఎక్కారు. వారు ఎదుర్కొన్న విమర్శలు రాఘవ ఎదుర్కొన్న వాటికన్న తీవ్రమైనవే అయి ఉండాలి. నాటక చరిత్రలు సంస్కర్తకు ఇచ్చిన పుటలు ఆ నటీమణులకు ఇవ్వలేదు.

స్త్రీలు వచ్చిన తరువాత నాటకం వస్తువు కూడా మారింది. మద్రాసు న్యాయవాది పాకాల వేంకట రాజమన్నారు రచించిన తప్పెవరిది నాటకం దాంపత్యంలో స్త్రీ స్వేచ్ఛను, బాధ్యతను ప్రశ్నించిన సాంఘిక రచన. 1930 ప్రాంతంలో రాఘవ దానిని రంగస్థలం మీదికి తెచ్చారు. తానే స్వయంగా సరిపడని సంగతులు రచించారు. ఇబ్సెన్ ప్రభావం తెలుగు రంగస్థలం మీద కనిపించిన తొలి సందర్భాలివి. నాటక రచయిత రాజమన్నారు తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1953లో కేంద్ర ప్రభుత్వం సంగీత నాటక అకాడమీని నెలకొల్పినప్పుడు దాని తొలి అధ్యక్షులు ఆయనే. కోర్టు పని ముగించుకొని రిహార్సలుకు వెళ్లే బళ్ళారి ప్లీడర్లతో మొదలైన వరుస అలా జాతీయ సంస్థ పీఠం దాకా సాగింది.

ఆచార్యులవారు 1912లో, కోలాచలం వారు 1919లో కన్నుమూశారు. వారి తరువాత రెండు సభలకూ పూర్వపు వైభవం మిగలలేదు. రాఘవ ఊరిని దాటి బెంగుళూరు, మద్రాసు, ఆంధ్ర పట్టణాల వేదికల మీద పెరిగిన నటుడు. ఆయనకు సమాజాలు సహకరించాయి కాని, మేనమామలాగ ఒక సమాజాన్ని నాటకాలతో పోషించే రచయిత కారాయన. తెలుగు దేశమంతటా కూడా గాలి మారింది. పేరున్న నటులను తలా ఒక ఊరి నుంచి పిలిపించి, రిహార్సలు లేకుండానే ఒక్క రాత్రికి ఆడించే కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. వాటిలో జనం డబ్బిచ్చి వినేది పద్యాన్ని, చూసేది పేరును. ఈ అవ్యవస్థను సరిదిద్దాలన్న సంకల్పంతోనే 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. సురభి వనారస గోవిందరావు దాని స్థాపనకు పూనుకున్నవారిలో ముఖ్యులు.

అంతలో టాకీ వచ్చింది. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన భక్త ప్రహ్లాద తెలుగు మాట్లాడిన మొదటి చిత్రం. హెచ్. ఎం. రెడ్డి తీసిన ఆ చిత్రంలో నటించినవారు సురభి కళాకారులు. దానికి ఆధారం సురభివారు ఆడుతూ వచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల ప్రహ్లాద నాటకం. బళ్ళారి పెద్దమనుషులు తమ సభలో ఆడుకోవడానికి రాసుకున్నది, సురభి సంచార కుటుంబాల నోట బతికి, చివరకు వెండితెర ఎక్కింది. ఒకే కాలంలో పుట్టి వేరువేరు దారులలో నడిచిన రెండు సమాజాలు అక్కడ కలుసుకున్నాయి. అప్పటికి రచయిత మరణించి ఇరవై ఏళ్లు.

రాఘవకు కూడా సినిమా పిలుపు వచ్చింది. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడిగా నటించారు. ఆ కథనే తీసిన మరో చిత్రం అదే కాలంలో వచ్చి దీనిని వెనక్కు నెట్టింది. గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ (1939)లో, తరువాత చండిక (1940)లో కూడా ఆయన కనిపిస్తారు. రంగస్థలం మీది రాఘవ ఎలా ఉండేవాడో ఆ చిత్రాలు చూసి ఊహించడం కష్టమని ఆయనను ఎరిగినవారు అనేవారు. 1946 ఏప్రిల్ 16న రాఘవ మరణించారు.

ఏడేళ్ల తరువాత బళ్ళారి రాష్ట్రం మారింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి పట్టణం, మిగిలిన తాలూకాలతో కలిసి మైసూరు రాష్ట్రానికి చేరింది. అంతకు ముందు ఈ ఊరి కోసం రెండు వైపులా ఆందోళనలు, వాదాలు, విచారణలు నడిచాయి. జనాభా లెక్కలను తలకిందులు చేసి చూశారు. భాషను బట్టి గీసిన గీత అనివార్యమైనదే. అయినా ఆ గీత తెలుగు నాటక చరిత్రలో ఒక విచిత్ర పరిస్థితిని కల్పించింది. ఆంధ్ర నాటక పితామహుడు, చారిత్రక నాటక పితామహుడు, నాటకరంగంలో తెలుగువారు తలుచుకొని గర్వించే నటుడు, ముగ్గురూ పని చేసిన ఊరు తెలుగు రాష్ట్రంలో లేదు. సాహిత్య చరిత్రలలో వారి పేర్లు నిలిచాయి. వారి ఇళ్లు, వారు ఆడిన స్థలాలు, వారి కాగితాలు ఏ ప్రభుత్వం బాధ్యత అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం లేకుండా పోయింది. సాహిత్య అకాడమీలు భాషను బట్టి పని చేస్తాయి. పురావస్తు శాఖలు హద్దును బట్టి. బళ్ళారి సభల వారసత్వం ఈ రెంటి నడుమ పడింది.

అయితే ఆ సభలను కేవలం తెలుగు సొత్తుగా చెప్పుకోవడం కూడా న్యాయం కాదు. ఆ ఊరి నాటకం మొదటినుంచీ ద్విభాషా వాతావరణంలో పెరిగింది. ఆచార్యులవారికి కన్నడం పరాయి భాష కాదు. రాఘవ కన్నడ రంగస్థలం మీద కూడా నిలిచిన నటుడు. ఆయన ప్రభావంలో పెరిగిన జోళదరాశి దొడ్డనగౌడ కన్నడ నాటకకర్తగా, నటుడుగా ప్రసిద్ధులై, తమ గురుతుల్యుని జీవితాన్ని కన్నడంలో రచించారు. తెలుగు పాఠకులు తమ వాడనుకునే రాఘవను కన్నడ పాఠకులు ఆ పుస్తకం ద్వారా తమ వాడిగా ఎరుగుదురు. మద్రాసులో సుగుణ విలాస సభ కూడా తమిళంతో ఆగిపోక తెలుగు నాటకాలు ఆడింది. రాఘవ వంటి వారికి అది ఆదరంగా వేదిక కల్పించింది. 1891లో బళ్ళారి ఇచ్చిన దానిని మద్రాసు ఆ విధంగా తిరిగి చెల్లించుకొంది.

తపాలా శాఖ 1981లో బళ్ళారి రాఘవ స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది. కందుకూరి జన్మదినమైన ఏప్రిల్ 16ను ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. అది రాఘవ మరణించిన తేదీ కూడా కావడం యాదృచ్ఛికం. 2014లో ఊరి పేరు అధికారికంగా బళ్ళారి అయింది. ఇంగ్లీషువారి పలుకుబడిలోని పాత రూపం పోయింది. ఊరిలో రాఘవ స్మారక సంఘం నెలకొల్పిన రాఘవ కళామందిరం ఉంది. కన్నడ నాటకాలూ తెలుగు నాటకాలూ దాని వేదిక ఎక్కాయి. సరసవినోదినీ సభ పేరు మాత్రం ఇప్పుడు పుస్తకాలలోనే కనిపిస్తుంది.